పాత స్ప్లెండర్ ప్లస్ మైలేజీ 65 నుంచి 48కి పడింది: కార్బ్యురేటర్ మార్చే ముందు ఏం చూడాలి?

#1 గోదారి_గట్టు

అందరికీ నమస్కారం. బండి 2006 స్ప్లెండర్ ప్లస్, మీటరు మీద 71,400 కి.మీ. ఇంజిన్ ఇంతవరకు విప్పలేదు, బోర్ పని జరగలేదు. రెండేళ్ల కిందటి దాకా లీటరుకు 62 నుంచి 65 ఇచ్చేది. ఇప్పుడు 48 దాటడం లేదు. తిరిగేది ఎక్కువగా రావులపాలెం, రాజమండ్రి మధ్య హైవే మీద. స్పీడు 50–55, చాలాసార్లు ఒక్కరే.

ఇప్పటికే చేసినవి: ప్లగ్ కొత్తది, ఎయిర్ ఫిల్టర్ కొత్తది, ఇంజిన్ ఆయిల్ మార్చి 1,200 కి.మీ. అయింది. కార్బ్యురేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) స్క్రూ రెండుసార్లు తిప్పి సెట్టింగ్ చేశారు. రెండు రోజులు బాగున్నట్టు ఉండి మళ్లీ మామూలే. పొగ రావడం లేదు, ఆయిల్ తగ్గడం లేదు. ఇదంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వల్లే అని కొందరు, కార్బ్యురేటర్ మొత్తం మార్చేయమని కొందరు అంటున్నారు. డబ్బు పెట్టే ముందు వరుసగా ఏమేం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

#2 హైవే_65

గోదారి_గట్టు గారూ, ముందు ఆ 48 లెక్క ఎలా తీశారో చెప్పండి. వంద రూపాయల పెట్రోలు కొట్టించి రిజర్వ్ పడేదాకా తిప్పి చూసినదైతే ఆ అంకెను పక్కన పెట్టేయండి. రిజర్వ్ ఎప్పుడు పడుతుందన్నది రోడ్డు వాలును బట్టి, బ్రేక్ వేసినప్పుడు ట్యాంకులో పెట్రోలు ఎటు ఊగిందన్నదాన్ని బట్టి మారుతుంది. షెడ్లలో చేసే 100 మి.లీ. సీసా పరీక్షనూ నమ్మలేం. బండి ఆగిపోయేదాకా నడిపితే ఫ్లోట్ చాంబర్‌లో (కార్బ్యురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) ముందే ఉన్న పెట్రోలు కూడా అందులో ఖర్చయిపోతుంది, మైలేజీ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. పైగా నాలుగైదు కిలోమీటర్ల దూరానికి ఎదురుగాలి ఒక్కటి చాలు లెక్క తారుమారు కావడానికి.

ఫుల్ ట్యాంక్ టు ఫుల్ ట్యాంక్ చూడండి. ఒకే బంకు, వీలైతే ఒకే పంపు. బండి డబుల్ స్టాండ్ మీద ఉండాలి; సైడ్ స్టాండ్ మీద నింపితే ప్రతిసారీ మట్టం మారుతుంది. మూత కింద కనిపించే అంచు దగ్గర ఒక గుర్తు అనుకుని, ప్రతిసారీ అక్కడికే ఆపించండి. మెడ దాకా నింపొద్దు, ఎండకి పెట్రోలు వ్యాకోచించి బయటికి కారుతుంది. మీటరు రాసుకుని కనీసం 250 కి.మీ. తిరిగాక మళ్లీ అదే గుర్తు వరకు నింపి, పట్టిన లీటర్లతో భాగించండి. ఇంత దూరం ఎందుకంటే, నింపడంలో 200 మి.లీ. తేడా వచ్చిందనుకోండి: 2 లీటర్ల మీద అది 10 శాతం తప్పు, 5 లీటర్ల మీద 4 శాతమే. రెండు మూడుసార్లు చేసి సగటు తీయండి.

అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి ఒక్క మార్పే చేయండి. నాలుగు పనులు కలిపి చేయిస్తే మైలేజీ పెరిగినా దేనివల్ల పెరిగిందో తెలియదు, మళ్లీ పడ్డప్పుడు కథ మొదటికే వస్తుంది.

#3 నల్లగొండ_బండి

అన్నా, స్క్రూ తిప్పుడు ఆపి ముందుగాల చక్రాలు తిప్పి చూడు. ఇంజిన్ మంచిగ ఉన్నా బండి బరువుగ గుంజుతుంటే మైలేజీ రాదు. పైసా ఖర్చు లేని పని ఇది.

డబుల్ స్టాండ్ వేసి న్యూట్రల్ చెయ్యి. వెనక చక్రం చేత్తోని గట్టిగ తిప్పి వదులు. చైన్ ఉంటది కాబట్టి ముందు చక్రమంత తిరగదు, అయినా రెండు రౌండ్లన్న తిరగాలె. ఒక్క రౌండుకే ఆగితే, లేకపోతే ఒక్క జాగల 'సర్' అని రాసుకుంటే, బ్రేక్ పట్టినట్టే. ఇంకో పరీక్ష: ఖాళీ రోడ్డు మీద 5 కి.మీ. నడుపు, ఆపేటప్పుడు వెనక బ్రేక్ తొక్కకుండ స్పీడు తగ్గించుకుంట వచ్చి ఆపు. ఎంబడే వెనక డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టు. బ్రేక్ వాడనే లేదు కాబట్టి అది చల్లగ ఉండాలె. కాలుతున్నదంటే నీ పెట్రోలు ఆడ వేడిగ మారుతున్నది.

బ్రేక్ పెడల్‌కు 20–30 మి.మీ. ఆట (తొక్కితే బ్రేక్ పట్టకముందు కదిలే దూరం) ఉండాలె. షూ అరిగినకొద్ది రాడ్ నట్టు బిగించుకుంట పోతరు, ఆట సున్నా అయితది. ఇంకోటి, షూలను తెరిచే క్యామ్ పిన్ను జంగు పట్టి ఎండిపోతది. పెడల్ వదిలినా వెనకకు రాదు. చక్రం విప్పి, క్యామ్ పిన్ను బయటికి తీసి, సన్న ఎమిరీ కాగితంతోని తుడిచి, బేరింగ్ గ్రీజు పలుచగ పూయాలె. ఎక్కువ పూస్తే వేడికి కరిగి షూ మీదికి కారి బ్రేకే పోతది. రిటర్న్ స్ప్రింగులు సాగితే మార్చు. డ్రమ్ములోని దుమ్మును నోటితోని గాని గాలితోని గాని ఊదకు, తడి గుడ్డతోని తుడువు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

చైన్ గూడ చూడు. కిందివైపు నడుమ 25 మి.మీ. దాకా ఊగాలె. చక్రం కొంచెం కొంచెం తిప్పుకుంట నాలుగైదు జాగలల్ల కొలువు, అన్నిటికంటే బిగుసుగ ఉన్న జాగల ఆ లెక్క రావాలె. వదులున్న జాగ చూసి బిగిస్తే, బిగుసు జాగకు వచ్చేసరికి బేరింగులను గుంజుతది. వెనక స్ప్రాకెట్ మీద చైన్ పట్టి వెనకకు లాగితే సగం పన్ను కనబడ్డదంటే కిట్ మొత్తం మార్చుడే.

గాలి: ముందు 25, వెనక ఒక్కరికి 28, ఇద్దరికి 40 పీఎస్‌ఐ. పొద్దున బండి తియ్యకముందు టైర్లు చల్లగ ఉన్నప్పుడు చూసిన లెక్క ఇది.

#4 ఫీలర్_గేజ్

నల్లగొండ_బండి గారు చెప్పిన వరుసే సరైనది. అది అయ్యాక టాపెట్లు (వాల్వుల దగ్గర సందు సర్దే స్క్రూలు) చూడండి. 70 వేలు దాటిన బండిలో దీన్ని వదిలేస్తే కార్బ్యురేటర్ ఎంత బాగున్నా ఫలితం ఉండదు.

టాపెట్ శబ్దం వస్తుంటే చాలామంది 'శబ్దం పోయేలా బిగించు' అని అడుగుతారు. దయచేసి అలా అడగకండి. గ్యాప్ లేకుండా బిగిస్తే ఇంజిన్ వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ కారిపోతుంది, పికప్ తగ్గుతుంది, అదే వేగానికి యాక్సిలరేటర్ ఎక్కువ తిప్పాల్సి వస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వు చల్లబడేదే సీటును తాకి ఉన్నప్పుడు. ఆ తాకడం తగ్గితే అంచు కాలిపోతుంది, అప్పుడు హెడ్ పని తప్పదు. కొంచెం టిక్‌టిక్‌మనే టాపెట్ ఆరోగ్యంగా ఉన్న టాపెట్.

పద్ధతి ఇది. రాత్రంతా ఆగిన బండి, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. ప్లగ్ తీసేస్తే తిప్పడం తేలిక. ఎడమవైపు మాగ్నెట్ కవర్ మీద రెండు మూతలుంటాయి, నడుమ పెద్దది, పైన చిన్నది. రెండూ విప్పి, నడుమ నట్టుకు సాకెట్ పెట్టి అపసవ్యంగా తిప్పండి. పై కిటికీలో 'టి' గీత గుర్తుకి ఎదురుగా రావాలి. పక్కనే 'ఎఫ్' గీత ఉంటుంది, అది ఇగ్నిషన్‌ది, పొరబడొద్దు. 'టి' దగ్గర రెండు రాకర్లూ (వాల్వులను నొక్కే మీటలు) వేలితో కదిపితే కొద్దిగా ఆడాలి. ఒకటి బిగుసుకుని ఉంటే అది కంప్రెషన్ స్ట్రోక్ కాదు, ఇంకో చుట్టు పూర్తిగా తిప్పండి.

గ్యాప్ ఈ ఇంజిన్లలో మోడల్‌ని బట్టి 0.05 నుంచి 0.08 మి.మీ.; మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెనే పట్టుకోండి. సందు కొలిచే సన్నటి ఫీలర్ రేకు పెట్టి లాగితే, పుస్తకంలో ఇరుక్కున్న కాగితం లాగినట్టు కాస్త పట్టి రావాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ దానితోపాటు తిరుగుతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవాలి. చాలా షెడ్లలో ఎగరగొట్టేది ఈ రెండో కొలతనే.

ప్లగ్ ఎలాగూ తీశారు కాబట్టి గ్యాప్ చూడండి. పాత సీ7హెచ్ఎస్ఏ రకానికి 0.6–0.7 మి.మీ. కొత్త ప్లగ్ కదా అని కొలవకుండా వేయకండి, కింద పడితే మొన వంగి ఉండొచ్చు.

#5 కృష్ణా_కాలువ

ఇవన్నీ దేనికండీ? ఈ20 వచ్చాక అందరి బండ్లూ ఇంతే. లీటరులో అయిదో వంతు ఇథనాల్ పోస్తున్నప్పుడు మైలేజీ కూడా అయిదో వంతు పడిపోతుంది కదా. 65లో 20 శాతం అంటే 13. 52 వస్తుంది. లెక్క సరిపోయింది.

#6 ఇత్తడి_జెట్

కృష్ణా_కాలువ గారూ, ఇథనాల్ వల్ల కొంత పడుతుంది, కాదనను. కానీ ఆ లెక్క అలా రాదు. ఇథనాల్ నీళ్లు కాదు, అదీ మండుతుంది. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో 21 ఉంటుంది. 80 పాళ్లు పెట్రోలు, 20 పాళ్లు ఇథనాల్ కలిపితే దాదాపు 29.8. స్వచ్ఛమైన పెట్రోలుతో పోలిస్తే 7 శాతం తక్కువ. మనం స్వచ్ఛమైన పెట్రోలు నుంచి నేరుగా దీనికి రాలేదు కూడా. దేశం మొత్తం మీద సగటున 10 శాతం కలపడం 2022 జూన్‌కే పూర్తయింది. ఈ10 నుంచి ఈ20కి శక్తిలో తేడా మూడున్నర శాతం. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన ఇథనాల్ నివేదికలో కూడా ఈ0కి తయారై ఈ10కి సర్దుబాటైన ద్విచక్ర వాహనాలకు 3–4 శాతం తగ్గుదల అనే రాశారు. 65 మీద అది రెండు, రెండున్నర కిలోమీటర్లు.

ఇక్కడ పడింది 17 కిలోమీటర్లు, అంటే 26 శాతం. మిగతా 22 శాతం బండిలోనే ఎక్కడో ఉంది. అంతా ఇథనాల్ మీదకి తోసేస్తే ఆ జబ్బు అలాగే ముదురుతుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది అదే.

ఇథనాల్ పాత బండికి చేసే అసలు చేటు వేరే ఉంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నెలల తరబడి సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో నీరు చేరి, ఒక హద్దు దాటాక ఇథనాల్‌తో కలిసి విడిపోయి అడుగున కూర్చుంటుంది. ట్యాంకు అడుగు తుప్పు పడుతుంది. ఆ ఎర్ర పొడి ఫిల్టర్ జాలీ దాటి ఫ్లోట్ నీడిల్ (చాంబర్ నిండగానే పెట్రోలు ఆపే సూది) కిందికి చేరితే నీడిల్ సరిగ్గా మూసుకోదు, పెట్రోలు ఓవర్‌ఫ్లో అవుతుంది. పాత రబ్బరు వాషర్లు, ఓ-రింగులు కొన్ని ఉబ్బుతాయి, కొన్ని గట్టిపడి పగులుతాయి. పెట్రోలు కాక్ దగ్గర తడి మరక, పొద్దున్నే బండి దగ్గర పెట్రోలు వాసన, ఈ రెండూ దానికి గుర్తులే.

పరీక్ష తేలిక. కాక్ మూసి, ఫ్లోట్ చాంబర్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చినదాన్ని గాజు గ్లాసులో పట్టండి. ఇంజిన్ చల్లగా ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. గ్లాసును కాసేపు కదపకుండా ఉంచి వెలుతురుకి ఎత్తి చూడండి. అడుగున గుండ్రంగా జారే బుడగల్లాంటిది ఉంటే నీరు. వక్కపొడిలా ఎర్రగా పేరుకుంటే తుప్పు. తెల్లగా పెరుగు మీగడలా ఉంటే లోపలి అల్యూమినియం తినేయబడిన పొడి. ఈ మూడింట్లో ఏది కనిపించినా ముందు ట్యాంకు కడగాలి. ట్యాంకు కడగకుండా కార్బ్యురేటర్ ఎన్నిసార్లు శుభ్రం చేసినా వారంలో మళ్లీ అదే.

#7 గోదారి_గట్టు

ఫుల్ ట్యాంక్ లెక్క రెండుసార్లు తీశాను: 51.3, 50.6. అంటే 48 అన్నది సరైన లెక్క కాదు, సుమారు 51.

వెనక డ్రమ్ము బాగా కాలుతోంది. క్యామ్ పిన్ను సుత్తితో మెల్లగా తడితే గానీ బయటికి రాలేదు. శుభ్రం చేసి గ్రీజు పెట్టించాను. టైర్లలో గాలి ముందు 17, వెనక 19 మాత్రమే ఉంది, చెప్పినట్టు నింపాను. ఆ తర్వాత 260 కి.మీ. మీద 55.2. టాపెట్లలో ఎగ్జాస్ట్‌కి అసలు గ్యాప్ లేదు, సరిచేశాక 56.4.

గ్లాసులో సన్నటి ఎర్ర పొడి కనిపించింది. ట్యాంకు కడిగించాను. చోక్ (చల్లని బండి స్టార్ట్ కావడానికి గాలి తగ్గించే రేకు) లివర్ పూర్తిగా వెనక్కి రావడం లేదేమోనని అనుమానం. ఈ20 వల్ల పోయేది తీసేసినా ఇంకా దాదాపు 6 కిలోమీటర్లు తేలాలి. ఇప్పుడు కార్బ్యురేటర్ విప్పొచ్చా?

#8 ఇత్తడి_జెట్

ఇప్పుడు విప్పండి. మొత్తం కొత్తది కొనకుండానే తేలే అవకాశం ఎక్కువ.

చోక్‌తో మొదలుపెడదాం. ఎయిర్ ఫిల్టర్ వైపు రబ్బరు గొట్టం తీసి కార్బ్యురేటర్ నోట్లోకి చూడండి. లివర్ కిందికి దించినప్పుడు లోపలి రేకు గాలి దారికి సరిగ్గా సమాంతరంగా తిరిగి, ఎదురుగా చూస్తే గీతలా కనపడాలి. కొంచెం ఏటవాలుగా ఆగినా గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇరుసులో జిడ్డు పట్టడమే సాధారణంగా కారణం, క్లీనర్ కొడితే సరిపోతుంది.

ఇక అసలు విషయం. రెండుసార్లు స్క్రూ తిప్పినా లాభం లేకపోయింది అన్నారు. లాభం ఉండదు కూడా. ఆ స్క్రూ పనిచేసేది ఐడ్లింగ్‌లో (బండి నిలబడి ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడు), యాక్సిలరేటర్ ఎనిమిదో వంతు తెరిచేదాకా. హైవే మీద 50–55లో మీరు ఉండేది పావు నుంచి సగం మధ్య. అక్కడ పెట్రోలు కొలిచేది జెట్ నీడిల్, అది దూరే ఇత్తడి నీడిల్ జెట్. నీడిల్ ఆ ఇత్తడి రంధ్రంలో ఏళ్ల తరబడి వణుకుతూ రాసుకుని, గుండ్రని రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి తెస్తుంది. రంధ్రానికీ నీడిల్‌కీ మధ్య సందు వెంట్రుకవాసి పెరిగినా పెట్రోలు బాగా ఎక్కువ పోతుంది, ఎందుకంటే ఆ సందే అక్కడ కొలత. 70 వేలు తిరిగిన కార్బ్యురేటర్‌లో అన్నిటికంటే ముందు అరిగేది ఇదే, అన్నిటికంటే చివర చూసేదీ ఇదే.

చూసే తీరు: పై మూత విప్పి, స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే ముక్క) బయటికి తీసి, నీడిల్ వేరు చేయండి. కిటికీ దగ్గర నిలబడి నీడిల్‌ని వేళ్ల మధ్య మెల్లగా దొర్లించండి. ఒంటి మీద ఒకవైపు మాత్రమే మెరిసే చదును మరక కనిపిస్తే అరిగినట్టే. గోటితో పైనుంచి కిందికి గీస్తే ఎక్కడైనా మెట్టులా తగిలినా అంతే. తర్వాత చాంబర్ విప్పి మెయిన్ జెట్ (పెట్రోలు కొలిచే సన్న రంధ్రపు ఇత్తడి ముక్క), దాని హోల్డర్ తీస్తే లోపల నీడిల్ జెట్ ఉంటుంది. వెలుతురుకి పెట్టి రంధ్రం గుండ్రంగా ఉందో లేదో చూడండి. నీడిల్, నీడిల్ జెట్ రెండూ జతగానే మార్చాలి. ఒకటి పాతది ఒకటి కొత్తది పెడితే కొత్తది తొందరగా పోతుంది. కంపెనీ విడిభాగమే అడగండి. రోడ్డు పక్క దొరికే కిట్లలో మెయిన్ జెట్ మీద నంబరు ఒకటి, రంధ్రం ఇంకొకటి ఉంటుంది. మీ పాత మెయిన్ జెట్ బాగుంటే దాన్నే ఉంచుకోండి.

జెట్ రంధ్రాల్లో ఇనుప తీగ, పిన్నీసు పెట్టొద్దు. ఇత్తడి మెత్తన. ఒక్క గీత పడితే జెట్ నంబరు మారిపోయినట్టే. క్లీనర్, గాలి, మరీ మొండిదైతే నైలాన్ బ్రష్ పోగు.

ఫ్లోట్ నీడిల్ మొన మీద గుండ్రని గాడి పడి ఉంటే అది కూడా మార్చండి. మట్టం చూడాలంటే డ్రెయిన్ ముక్కుకి పారదర్శకమైన గొట్టం తగిలించి, దాన్ని పైకి మడిచి కార్బ్యురేటర్ పక్కన నిలబెట్టి, డ్రెయిన్ స్క్రూ వదులు చేయండి. గొట్టంలో పెట్రోలు చాంబర్ గాస్కెట్ గీతకి కొంచెం కిందే ఆగాలి. గీత దాటి పైకి పోతే ఫ్లోట్ నాలుకను రవ్వంత వంచాలి.

#9 హైవే_65

ఇత్తడి_జెట్ గారు చెప్పినదానికి చిన్న చేర్పు. పాత స్లైడ్ కార్బ్యురేటర్లలో నీడిల్ ఎత్తు నిలిపే క్లిప్‌కి మూడు నుంచి అయిదు గాళ్లు ఉంటాయి. తర్వాత వచ్చిన కొన్నిటిలో ఒకటే గాడి, అప్పుడు మార్చేదేమీ లేదు. గాళ్లున్న చోట మైలేజీ కోసం క్లిప్ పైకి జరపడం, అంటే నీడిల్ కిందికి దించడం మన దగ్గర బాగా అలవాటు. ఇప్పుడున్న పెట్రోలుతో అది చేయొద్దు. పెట్రోలు పూర్తిగా మండటానికి బరువు లెక్కన 14.7 పాళ్లు గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు, ఈ20కి పదమూడున్నర. జెట్ పాతదే కాబట్టి అదే గాలికి అదే పరిమాణం ఇంధనం పోతుంది. అంటే బండి ఇప్పటికే కాస్త లీన్‌గా (గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ) నడుస్తోంది. ఇంకా లీన్ చేస్తే మిస్‌ఫైర్, వేడి, వాల్వు దెబ్బ. మైలేజీ పెరగకపోగా తగ్గుతుంది, ఎందుకంటే బండి లాగక మీరే యాక్సిలరేటర్ ఎక్కువ తిప్పుతారు.

ప్లగ్ చూసి నిర్ణయించండి. హైవే మీద 10 కి.మీ. ఒకే వేగంతో నడిపి, ఇంజిన్ ఆపేసి, క్లచ్ పట్టి పక్కకు ఆపి, చల్లారాక తీయండి. ట్రాఫిక్‌లో తిరిగి వచ్చి తీసిన ప్లగ్ ఐడ్లింగ్ సంగతి చెబుతుందే తప్ప హైవే సంగతి చెప్పదు. పింగాణీ లేత గోధుమ రంగులో ఉండాలి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే లీన్, క్లిప్ ఒక గాడి కిందికి. పొడి మసి ఉంటే రిచ్ (ఇంధనం ఎక్కువ). తడి నలుపు, వేలికి జిడ్డు తగిలితే ఆయిల్ ఎక్కుతోంది, అది రింగుల పని, కార్బ్యురేటర్‌తో సంబంధం లేదు.

#10 నల్లగొండ_బండి

ఒక మాట అడుగుత. స్లో సెట్టింగ్ స్క్రూ బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతదా, గాలి పెరుగుతదా? మా దగ్గర ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు.

#11 ఇత్తడి_జెట్

రెండూ నిజమే అన్నా, స్క్రూ ఎటువైపు ఉందన్నదే తేడా. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ: బయటికి తిప్పితే లీన్. ఇంజిన్ వైపు ఉంటే అది మిశ్రమం స్క్రూ: బయటికి తిప్పితే రిచ్. ఇది తెలియకుండా తిప్పడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

సెట్టింగ్‌కి ముందు బండి పది నిమిషాలు నడిపి వేడెక్కించాలి. స్క్రూని లోపలికి మెల్లగా, తాకేదాకా మాత్రమే తిప్పి (బిగిస్తే మొన పాడవుతుంది), అక్కడినుంచి ఒకటిన్నర చుట్లు బయటికి. ఇంజిన్ ఆన్ చేసి, స్క్రూని పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ శబ్దం అన్నిటికంటే వేగంగా, నిలకడగా ఉన్న చోటు పట్టుకోండి. తర్వాత ఐడ్లింగ్ స్క్రూతో 1,400 ఆర్పీఎంకి దించండి. ఈ రెండు పనులూ ఇంకోసారి. చల్లని ఇంజిన్ మీద చేసిన సెట్టింగ్ రెండు రోజులకే పోయినట్టు అనిపిస్తుంది, #1లో రాసిన కష్టం అలాంటిదే కావచ్చు.

#12 పాలమూరు_150

పల్సర్ డీటీఎస్-ఐ ఉన్నవాళ్లకు ఒక విషయం. వాటిలో రెండు ప్లగ్గులుంటాయి. ఒకటి చచ్చిపోయినా బండి స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది. మైలేజీ, పికప్ మాత్రం పడతాయి. చాలామందికి తెలియనే తెలియదు. ఇంజిన్ ఆపి, ఒక క్యాప్ తీసి, అందులో పాత ప్లగ్ ఒకటి గుచ్చి ఇంజిన్ లోహానికి తగిలేలా పెట్టి స్టార్ట్ చేయండి. రెండో ప్లగ్ ఒక్కదాని మీద నడవాలి. అలాగే రెండోవైపు. ఎటు తీస్తే బండి ఆగిపోతుందో చూడండి, మిగిలి ఉన్న ప్లగ్గో దాని కాయిలో పోయినట్టు. క్యాప్ ఊరికే గాల్లో వదిలేసి చేయొద్దు, సీడీఐ (ప్లగ్‌కి నిప్పు పంపే యూనిట్) దెబ్బతింటుంది, షాక్ కూడా కొడుతుంది. వీటి కార్బ్యురేటర్ వాక్యూమ్ రకం, లోపల నల్ల రబ్బరు డయాఫ్రం ఉంటుంది. వెలుతురుకి సాగదీసి చూడండి, సూదిమొనంత రంధ్రం ఉన్నా స్లైడ్ సరిగ్గా లేవదు.

#13 రెండు_స్ట్రోకులు

ఆర్‌ఎక్స్100 (యమహా టూ స్ట్రోక్ బండి) వాళ్లు ఈ చర్చ చదివి టాపెట్లు వెతకకండి, ఉండవు. మీకు చూడాల్సింది మసి. సైలెన్సర్ చివరి బోల్ట్ విప్పి బ్యాఫిల్ గొట్టం బయటికి లాగండి. రంధ్రాలు మూసుకుపోయి ఉంటే కాల్చి, తీగ బ్రష్‌తో గీకండి. ఎగ్జాస్ట్ పోర్టులో పేరుకున్న బొగ్గును చెక్క పుల్లతో తీయండి, పిస్టన్ కిందికి దించి పోర్టు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు. ఇనుము వాడితే పిస్టన్‌కి గీత పడుతుంది. రీడ్ వాల్వు రేకుల అంచు విరిగిందా, వెలుతురుకి పెడితే సందు కనిపిస్తోందా చూడండి. సందుంటే మిశ్రమం కార్బ్యురేటర్‌లోకే వెనక్కి ఉమ్ముతుంది.

గేర్ ఆయిల్ మట్టం కారణం లేకుండా తగ్గుతూ తెల్ల పొగ వస్తుంటే క్లచ్ వైపు క్రాంక్ ఆయిల్ సీల్ పోయింది. ఇంకోటి, ఆయిల్ పంపు మీద నమ్మకం లేక 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్‌లో పెట్రోలుతో కలిసి మండే నూనె) పెట్రోలు ట్యాంకులో కూడా పోసేవాళ్లున్నారు. పంపు పనిచేస్తుంటే అది వద్దు. పంపు తీసేసినవాళ్లు కూడా అవసరానికి మించి పోస్తే మసి పెరిగి, జెట్ గుండా పోయే పెట్రోలు తగ్గుతుంది.

#14 కాస్ట్_ఐరన్

పాత బుల్లెట్ 350కి రెండే మాటలు. కాంటాక్ట్ పాయింట్ల (ప్లగ్‌కి నిప్పు పడే సమయం నిర్ణయించే స్విచ్) గ్యాప్ 0.35–0.40 మి.మీ. దాని వెనక ఉండే, వేగం పెరిగినకొద్దీ నిప్పును ముందుకు జరిపే ఆటో అడ్వాన్స్ బరువులు జంగు పట్టి బిగుసుకున్నాయేమో చూడండి. అవి తెరుచుకోకపోతే నిప్పు ఆలస్యంగా పడుతుంది: బండి లాగదు, సైలెన్సర్ పైపు మెడ నీలంగా కాలుతుంది, పెట్రోలు తాగేస్తుంది. స్ప్రింగులు సాగకుండా విప్పి, తుడిచి, చుక్క నూనె వేస్తే చాలు.

#15 గోదారి_గట్టు

చోక్ రేకు నిజంగానే ఏటవాలుగా ఆగుతోంది. నీడిల్ మీద ఒకవైపు అద్దంలా మెరిసే మరక ఉంది, గోటికి మెట్టు తగిలింది. నీడిల్, నీడిల్ జెట్, ఫ్లోట్ నీడిల్, చాంబర్ గాస్కెట్ మార్చాను. మెయిన్ జెట్, స్లో జెట్ పాతవే. క్లిప్ ఉన్న గాడిలోనే. వేడి ఇంజిన్ మీద సెట్టింగ్. ప్లగ్ లేత గోధుమ రంగు.

మూడు ఫుల్ ట్యాంకులు: 61.2, 62.4, 61.7.

ఆయిల్ విషయం అడగాలి. షెడ్‌లో 20డబ్ల్యూ-50 పోస్తామంటున్నారు, పాత ఇంజిన్‌కి చిక్కని ఆయిల్ మంచిదని. అలాగే వెనక స్ప్రాకెట్ రెండు పళ్లు తక్కువది వేస్తే ఇంకో రెండు కిలోమీటర్లు వస్తుందంటున్నారు.

#16 ఫీలర్_గేజ్

మీ 65ని ఈ20కి సర్దితే దాదాపు 62.7. మీరు ఇప్పుడు ఉన్నది 61.8. ఇంజిన్‌లో ఇక వెతకాల్సింది లేదు.

20డబ్ల్యూ-50 వద్దు. పొగ లేదు, ఆయిల్ తగ్గడం లేదు అన్నారు, అంటే రింగులు బాగున్నాయి. 10డబ్ల్యూ-30, జాసో ఎంఏ (ఆయిల్‌లో మునిగి తిరిగే తడి క్లచ్‌కి సరిపడుతుందనే గుర్తు) అని రాసి ఉన్నదే పోయండి. కారు ఆయిల్ మాత్రం వద్దు, అందులో జారుడు కోసం కలిపేవాటికి తడి క్లచ్ జారుతుంది. క్లచ్ లివర్‌కి 10–20 మి.మీ. ఆట ఉండాలి, అది లేకపోయినా ప్లేట్లు జారి పెట్రోలు వృథా. డిప్‌స్టిక్ చూసేటప్పుడు మర బిగించకుండా ఊరికే ఆనించి చూడండి. గీత దాటి పోస్తే అదీ బరువే.

స్ప్రాకెట్ మార్చకండి. 100 సీసీ ఇంజిన్‌కి ఇద్దరెక్కి కొవ్వూరు బ్రిడ్జి మీద ఎదురుగాలి తగిలితే టాప్ గేరులో లాగదు, మూడో గేరుకి దిగుతారు, మిగిల్చింది అక్కడే పోతుంది. వేగం 55 నుంచి 45–50కి తగ్గిస్తే అంతకంటే ఎక్కువే వస్తుంది, ఎందుకంటే గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది: 45తో పోలిస్తే 55 దగ్గర అది దాదాపు ఒకటిన్నర రెట్లు.

ముందు టైరు మార్చేటప్పుడు ఇప్పుడున్న 2.75-18 సైజే వేయించండి. మీటరు కేబుల్ ముందు చక్రం నుంచే వస్తుంది. 3.00 వేస్తే వ్యాసం సుమారు 2 శాతం పెరుగుతుంది, మీటరు ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. అప్పుడు మైలేజీ పడకపోయినా పడ్డట్టే కనిపించి, మళ్లీ ఎవరో ఒకరు ఆ స్క్రూ తిప్పుతారు.